తీరం వెంట డబుల్స్‌లో లాంగ్ రైడ్: 350 బండి మీద బరువు, గాలి, ఉప్పు ఎలా చూసుకోవాలి?

డబుల్స్350 (ప్రశ్న)

నేనూ మా ఆవిడా సముద్ర తీరం వెంట పోయే హైవే మీద సుమారు 1,400 కి.మీ. వెళ్దామనుకుంటున్నాం. వెళ్ళేటప్పుడు తీరం రోడ్డు, తిరుగు ప్రయాణం లోపలి హైవే మీద. రోజుకు 200–250 కి.మీ. మించి నడిపే ఉద్దేశం లేదు. మధ్యలో ఆగి సముద్రం చూసుకుంటూ వెళ్ళాలనే ఈ రోడ్డు ఎంచుకున్నాం.

బండి 350 సీసీ సింగిల్ సిలిండర్. స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైర్లు, వెనక రెండు షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు), వాటికి ఐదు మెట్ల ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలో పెట్టుకునే సర్దుబాటు. ఖాళీ బండి బరువు పెట్రోలుతో కలిపి 190 కిలోలు. అన్నీ కలుపుకుని 370 కిలోలు దాటకూడదని మాన్యువల్లో ఉంది. నా బరువు 78, ఆవిడది 60. రెండు సైడ్ బ్యాగులు, వాటిని పట్టి ఉంచే స్టీల్ స్టేలు కొంటున్నాం. వెనక టాప్ బాక్సు కూడా బిగిస్తే ఆవిడకు వీపు ఆనడానికి బాగుంటుందని ఆలోచన.

అడగాలనుకున్నవి ఇవి. సామాను ఎంత, ఎక్కడ పెట్టాలి? షాక్‌లు, టైర్ల గాలి ఎలా సెట్ చేసుకోవాలి? సముద్రం ఏ చేతివైపు ఉండేలా వెళ్తే మంచిది? ఉప్పు గాలికి బండి పాడవుతుందంటారు, దానికి ముందుగా ఏం చేయాలి, రోజూ ఏం చేయాలి? అన్నిటికంటే ముఖ్యం, వెనక కూర్చున్న మనిషి నాలుగైదు గంటలు ఇబ్బంది లేకుండా కూర్చోవాలంటే ఏం కావాలి?


పానాపెట్టె

ముందు కూడికలు తీసివేతలు చేద్దాం, సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది. 370లో 190 పోతే 180. మీ 78కి హెల్మెట్, జాకెట్, బూట్లు కలిపి ఇంకో ఆరు, ఆవిడ 60కి ఇంకో ఐదు. మొత్తం 149. మిగిలింది 31 కిలోలు. స్టీల్ స్టేలు ఐదు కిలోల దాకా ఉంటాయి, ఖాళీ బ్యాగులు రెండూ కలిపి నాలుగు. ఇక 22. పనిముట్లు, స్పేర్లు ఐదు. మూడు లీటర్ల నీళ్ళంటే మూడు కిలోలు. బట్టలకూ మిగతా వాటికీ 14 కిలోలు మిగులుతాయి, అంటే చెరొక బ్యాగులో ఏడు. అది చాలు. కానీ ఈ లెక్కలో టాప్ బాక్సుకు చోటు లేదు.

టాప్ బాక్సు గురించి ఇంకో మాట. వెనక ఇరుసుకు 40 సెం.మీ. వెనగ్గా ఎనిమిది కిలోల బాక్సు ఉందనుకోండి. రెండు ఇరుసుల మధ్య దూరం 1,400 మి.మీ. అయితే, వెనక చక్రం మీద పడే బరువు ఎనిమిది కాదు, పది కిలోల పైనే. ఆ పైది ముందు చక్రం మీదనుంచి తీసుకున్నదే. మీ ఆవిడ బరువు ఎలాగూ దాదాపు అంతా వెనక ఇరుసు మీదే ఉంటుంది. ముందు తేలికైన బండికి హ్యాండిల్ కూడా తేలికైపోతుంది. 80 దాటాక, పక్కగాలి తగిలినప్పుడు, హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. ఆనడానికి కావాలంటే సీటు వెనక కడ్డీకి బిగించే చిన్న బ్యాక్‌రెస్ట్ చాలు, కిలో, కిలోన్నర ఉంటుంది.

బరువైనవి కిందికీ ముందుకీ వెళ్ళాలి. పనిముట్లు, ట్యూబు, నీళ్ళు సైడ్ బ్యాగుల అడుగున, ముందు గోడ వైపు పెట్టండి. బట్టలు పైన. రెండు బ్యాగుల మధ్య తేడా కిలో దాటకుండా తూచి సర్దండి. సైలెన్సర్ వైపు బ్యాగుకూ గొట్టానికీ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు ఉండాలి. ఇద్దరూ కూర్చున్నాక, షాక్‌లు పూర్తిగా దిగినప్పుడు కూడా ఆ సందు ఉంటుందా అని చూడాలి. ఖాళీ బండి మీద చూసి సరేననుకుంటే మొదటి గుంటలోనే బ్యాగు కాలుతుంది. పట్టీల కొసలు వేలాడనివ్వకండి. చైన్‌లో పడితే చక్రం పట్టేస్తుంది.

ఇక షాక్‌లు. పొడవు కొలిచే టేపు, ఇంకో మనిషి ఉంటే పది నిమిషాల పని. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత సామానంతా కట్టి, జాకెట్లు వేసుకుని ఇద్దరూ కూర్చుని, రెండుసార్లు ఊపి, బండి నిలకడకు వచ్చాక మళ్ళీ అక్కడే కొలవండి. ఆ రెండింటి తేడాయే దిగుడు. షాక్ ప్రయాణంలో దాదాపు మూడో వంతు దిగాలి. అంటే మీ వెనక చక్రం కదలిక 100 మి.మీ. అయితే 30–35. అంతకు మించితే హుక్ పానాతో ప్రీలోడ్ ఒక మెట్టు పెంచి మళ్ళీ కొలవండి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. ఇది మర్చిపోకండి, ఒక వైపు మూడు, ఇంకో వైపు నాలుగు మీద తిరిగే బళ్ళు వర్క్‌షాపులకు చాలానే వస్తాయి. ఇదయ్యాక హెడ్‌లైట్ ఎత్తు కూడా సరిచేయాలి. వెనక దిగితే లైటు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది.

టైర్ల గాలి మాన్యువల్లో ఇద్దరికి ఇచ్చిన అంకె ప్రకారం పట్టించండి, ఒక్కరికి ఇచ్చినది కాదు. ఇలాంటి బళ్ళకు సాధారణంగా వెనక టైరులో నాలుగు పి.ఎస్.ఐ. దాకా తేడా ఉంటుంది. పొద్దున బండి తీయకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పది డిగ్రీల వేడికి ఒకటిన్నర పి.ఎస్.ఐ. దాకా పెరుగుతుంది. మధ్యాహ్నం కొలిచి ఎక్కువుందని వదిలేస్తే, మర్నాడు పొద్దున తక్కువ గాలితో బయల్దేరతారు. తక్కువ గాలి, ఎక్కువ బరువు కలిస్తే టైరు పక్కగోడలు మడత పడి వేడెక్కుతాయి, టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జారుతుంది, దాంతోపాటు ట్యూబు కూడా. రిమ్ములోంచి వాల్వు నిటారుగా కాక పక్కకు వాలి కనబడితే అదే గుర్తు. గాలి మొత్తం తీసి, టైరు సర్ది, మళ్ళీ పట్టించాలి. అలాగే వదిలేస్తే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది, దానికి ప్యాచ్ పడదు.

స్పోక్‌లు కూడా. చిన్న పానాతో ఒక్కొక్క స్పోక్‌నూ తట్టుకుంటూ పోండి. గంటలా మోగితే బిగువుగా ఉన్నట్టు. డబ్ మన్నది వదులు. బరువంతా వెనక చక్రం మోస్తుంది కాబట్టి అక్కడ ఒక్క స్పోక్ వదులైనా పక్కవాటి మీద భారం పడి వరసగా విరుగుతాయి.


తీరంగాలి

ఏ చేతివైపు అన్న ప్రశ్నకు చాలామంది ఒక్క మాటలో చెప్పేస్తారు: రోడ్డుకు ఎడమవైపు నడిపే దేశంలో సముద్రం ఎడమ చేతికి ఉండాలి అని. కారణం సరైనదే. ఆగాలనిపించిన ప్రతిచోటా ఎడమకు తప్పుకుంటే చాలు, ఎదురొచ్చే వాహనాలను దాటుకుని కుడికి తిరగక్కర్లేదు. 370 కిలోల బండితో హైవే మీద కుడి మలుపు కోసం ఆగి నిలబడటం ప్రమాదకరమైన పని. వెనకనుంచి వచ్చేవాడికి మీరు ఆగుతున్నారని తెలియకపోతే అంతే. కుడివైపు నడిపే కాలిఫోర్నియాలో స్టేట్ రూట్ 1ను ఉత్తరం నుంచి దక్షిణానికి పట్టుకునేది కూడా ఇందుకే, అక్కడ సముద్రం కుడి చేతికి వస్తుంది.

కానీ ఇందులో ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. సముద్రం ఎడమన ఉంటే సముద్రపు గాలి కూడా ఎడమనుంచే తగులుతుంది, మిమ్మల్ని కుడికి, అంటే ఎదురు వాహనాల వైపు తోస్తుంది. సముద్రం కుడిన ఉంటే తోసేది రోడ్డు అంచు వైపు. కాబట్టి ఎడమన పెట్టుకోండి, కానీ గాలి లేవకముందే రోజు ముగించండి. నా దృష్టిలో తీరం రోడ్డు మీద ప్లానంతా ఈ ఒక్కదాని చుట్టూ తిరగాలి.

పొద్దెక్కాక నేల సముద్రంకంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి పైకి లేస్తే సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. మామూలు రోజుల్లో పది, పదకొండింటికి మొదలై మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బాగా ముదిరి, పొద్దు గూకే వేళకు తగ్గుతుంది. రాత్రి నేలమీదనుంచి సముద్రం వైపు వీచేది దీనికంటే చాలా నెమ్మది. తెల్లవారుతూనే బయల్దేరితే పదకొండున్నర లోపు మీ 200 కి.మీ. అయిపోతాయి. తుఫానో, అల్పపీడనమో, ఋతుపవనాలో ఉంటే ఈ వేళలు చెల్లవు. అప్పుడు గాలి వార్త చూసుకుని బయల్దేరాలి.

గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. సైడ్ బ్యాగులు, ఇద్దరు మనుషులు కలిసి ఆ గాలికి పెద్ద తెరచాప పట్టినట్టే. ఎక్కడ తగులుతుందో ముందే తెలుస్తుంది: ఏటి మొగల మీద వంతెనలు, కొండ కోసి రోడ్డు వేసిన చోటు దాటగానే, సరుగుడు తోటల వరస అయిపోయిన చోట, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మలుపు తిరగ్గానే. అక్కడికి రాకముందే వేగం 60కి దించండి, హ్యాండిల్ వదులుగా పట్టుకోండి, తొడలతో ట్యాంకు నొక్కి పట్టండి. గాలి ఎడమనుంచి తోస్తే ఎడమ గ్రిప్‌ను మెల్లగా ముందుకు నెట్టండి. బండి ఎడమకు వాలి సమం అవుతుంది. బిగబట్టి పట్టుకుంటే మీ చేతుల వణుకే బండిని ఊపుతుంది. మీ దారి గీత కూడా ఎడమ సగంలో ఉంచుకోండి, కుడికి జరిగినా మీ లేన్‌లోనే ఉంటారు.

లారీని దాటేటప్పుడు మరీ జాగ్రత్త. ఎడమ గాలికి ఎడమకు వాలి వెళ్తుంటారు. లారీ పక్కకు రాగానే గాలి ఆగిపోతుంది, అదే వాలుతో లారీ వైపు జరుగుతారు. లారీని దాటి ముందుకు రాగానే ఆగిన గాలంతా ఒక్కసారి తగిలి ఎదురు లేన్‌లోకి తోస్తుంది. పక్కన చోటు ధారాళంగా ఉంటేనే దాటండి, లేదా దాని వెనకే దూరంగా ఉండండి.

పెట్రోలు లెక్క కూడా గాలిని బట్టే. ఇద్దరు, బ్యాగులు, ఎదురుగాలి కలిస్తే మీకు మామూలుగా వచ్చే మైలేజీలో ఐదో వంతు తీసేసి లెక్క వేయండి. 35 ఇచ్చే బండికి 28 అనుకోండి. 13 లీటర్ల ట్యాంకులో మూడు లీటర్లు ముట్టకూడదనుకుంటే 280 కి.మీ. నేనైతే 200 దగ్గరే నింపమంటాను. తీరం రోడ్ల మీద బంకులు దూరం దూరంగా ఉంటాయి.


వెనకసీటు

వెనక కూర్చునే మనిషి తరఫు నుంచి చెప్తానండీ. నడిపేవాళ్ళకు చేతిలో హ్యాండిల్ ఉంటుంది, ఎదురుగా రోడ్డు కనబడుతుంది, బ్రేకు ఎప్పుడు పడుతుందో ముందే తెలుసు. వెనకవాళ్ళకు ఈ మూడూ ఉండవు. అలసట ఎక్కువగా అక్కడినుంచే వస్తుంది, సీటు నుంచి కాదు.

కాబట్టి ముందు బండి నడిపే తీరు. గేరు మార్చేటప్పుడు ఎక్స్‌లేటర్ టక్కున వదలకూడదు. వదిలితే రెండు హెల్మెట్లూ ఢీకొంటాయి. అలా గంటకు యాభైసార్లు జరిగితే మెడ పట్టేస్తుంది. బ్రేకు వేసేటప్పుడు వెనకది కొంచెం ముందు తాకించి బండి కుదురుకున్నాక ముందుది క్రమంగా పెంచండి. ఇద్దరున్నప్పుడు వెనక చక్రం మీద బరువు ఎక్కువ కాబట్టి వెనక బ్రేకు మామూలుకంటే బాగా పని చేస్తుంది. ఆగే దూరం పెరుగుతుంది గనుక ముందు వాహనానికీ మీకూ మధ్య మూడు సెకన్లకు తగ్గకుండా సందు ఉంచండి.

ఎక్కడం దిగడం ఒక పద్ధతిగా పెట్టుకోండి. నడిపేవారు ముందు కూర్చుని, స్టాండ్ తీసి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని "ఎక్కు" అనాలి. అప్పుడు ఆవిడ ఎడమనుంచి, భుజం మీద చెయ్యి వేసి, ఎడమ ఫుట్‌రెస్ట్ మీద కాలు మోపి, శరీరం బండికి దగ్గరగా ఉంచుకుని ఎక్కాలి. దూరంగా నిలబడి కాలు విసిరితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. దిగేటప్పుడూ చెప్పాకే. సైడ్ స్టాండ్ మీద ఉన్న బండి ఎక్కకూడదు, సామాను బరువుతో కలిపి అంతా ఆ చిన్న పిన్ను మీద పడుతుంది.

మలుపుల్లో ఆవిడ చేయాల్సింది ఒక్కటే: మలుపు ఎటో అటువైపు భుజం మీదుగా చూడటం. అలా చూస్తే శరీరం దానంతటదే బండితో పాటు సరిగ్గా వాలుతుంది. భయపడి ఎదురువైపు వాలితే బండి మలుపు బయటికి పోతుంది. బ్రేకు పడినప్పుడు ఒక చెయ్యి వెనక కడ్డీ మీద, ఇంకోటి నడిపేవారి నడుం దగ్గర ఉంటే ముందుకు జారరు. భుజాలు పట్టుకుని లాగకూడదు, అది హ్యాండిల్‌కు తెలుస్తుంది.

ఇంటర్‌కామ్ ఉంటే మంచిదే, లేకపోతే నాలుగు తట్లు చాలు. ఒక తట్టు నెమ్మదిగా వెళ్ళమని, రెండు తట్లు ఆగుదామని, తొడ మీద చరిస్తే వెంటనే ఆపమని, ఇలా మీరిద్దరూ ముందే అనుకోండి. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు ఇద్దరూ పెట్టుకోండి. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. 85 దాటిన మోతలో గంటల తరబడి ఉంటే వినికిడికి నష్టం, అంతకుముందే తల బరువెక్కుతుంది.

సీటు సంగతి. గంట, గంటంపావుకు ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడవాల్సిందే. ఏ కుషనూ దానికి సాటి రాదు. గాలి నింపే సీటు ప్యాడ్ వాడితే గట్టిగా ఊదకండి. కూర్చున్నాక తుంటి ఎముకకూ సీటుకూ మధ్య వేలు మందం గాలి మిగిలితే చాలు. గట్టిగా ఉంటే బంతి మీద కూర్చున్నట్టు పక్కలకు జారతారు. కుట్లు మందంగా ఉండే జీన్స్ వద్దు, రెండో గంటలో ఆ కుట్టే గుచ్చుకుంటుంది. వెనక మనిషి వీపుకు బ్యాక్‌ప్యాక్ తగిలించకండి. బరువు భుజాల మీద పడి వెనక్కు లాగుతూ ఉంటుంది. నీళ్ళు గంటకు అర లీటరు లెక్కన, దాహం వేయకముందే తాగాలి. తీరం గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. గ్లవ్‌కూ జాకెట్ చేతికీ మధ్య ఖాళీ, మెడ వెనక భాగం ఎండకు కమిలిపోతాయి. అక్కడ సన్‌స్క్రీన్ రాయండి లేదా గుడ్డ కప్పండి, దాని కొస లోపలికి దోపి ఉంచండి.


ఉప్పుతుప్పు

ఉప్పు గురించి నేను చెప్తాను. తీరం దగ్గర గాలిలో కంటికి కనపడని ఉప్పు తుంపర ఉంటుంది. పగలు ఎండలో అది బండి మీద పొడిగా పేరుకుంటుంది, అప్పుడు పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరిగి ఉప్పునీరవుతుంది. రాత్రిపూట తీరంలో తేమ సులువుగా అంత దాటుతుంది. అంటే తుప్పు పట్టేది ప్రయాణంలో కాదు, రాత్రి బండి నిలబెట్టినప్పుడు. కడగాల్సింది సాయంత్రం, మర్నాడు పొద్దున కాదు.

కడగడానికి ప్రెషర్ గన్ వద్దు. ఆ ఒత్తిడికి చక్రాల బేరింగుల సీళ్ళు దాటి ఉప్పునీరు లోపలికి పోతుంది, గ్రీజు బయటికి వస్తుంది. ఒక బకెట్ మంచినీళ్ళు, మగ్గు, మెత్తటి గుడ్డ చాలు. ఇంజను, డిస్కులు చల్లారాక మొదలుపెట్టండి. ముందు ఫోర్క్ గొట్టాలు, సీళ్ళ దగ్గర చేరిన ఇసుక. ఆ క్రోమ్ మీద చిన్న తుప్పు గుంట పడితే అది సీలును కోసి ఆయిల్ కారుతుంది. తర్వాత బ్రేక్ కాలిపర్లు (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగాలు), స్పోక్‌ల మొదళ్ళు, మడ్‌గార్డుల లోపలి వైపు, ఇంజను కింద, చివరికి చైన్. సబ్బు రోజూ అక్కర్లేదు, నీళ్ళు ధారాళంగా పోయడమే ముఖ్యం.

చైన్ మీకు సీల్డ్ రకమైతే, అంటే ఓ-రింగులు ఉన్నదైతే, పెట్రోలుతో కడగొద్దు. రబ్బరు రింగులు గట్టిపడి పగుళ్ళిస్తాయి. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవండి. తీరంలో ఇంకో ఇబ్బంది ఇసుక. జిగురుగా ఉండే చైన్ స్ప్రే మీద ఇసుక పడితే అది సానరాయి పనే చేస్తుంది, స్పాకెట్ పళ్ళు అరుగుతాయి. పలచగా 90 నంబరు గేర్ ఆయిల్ నయం. రాత్రి కడిగి ఆరాక చైన్ లోపలి వైపు, అంటే పళ్ళ మీద కూర్చునే వైపు రాసి, చక్రం తిప్పి వదిలేయండి. పొద్దున ఎక్కువైనది గుడ్డతో తుడిచేయండి, లేకపోతే టైరు మీద చిమ్ముతుంది. మామూలు రోడ్డు మీద 500 కి.మీ.కు ఒకసారి చాలు గానీ ఇక్కడ ప్రతి సాయంత్రం చేయండి.

చైన్ వదులు విషయం. మాన్యువల్లో ఉన్న అంకె, ఎక్కువ బళ్ళకు 25–35 మి.మీ. మధ్య ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, బాగా బిగువున్న చోట ఆ అంకెకు సెట్ చేయండి. తర్వాత ఇద్దరూ కూర్చుని ఇంకొకరిచేత చూపించండి. గేరు స్పాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేయి) పిన్ను, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుస్తుంది. బరువు మీద అది జరుగుతుంది. అప్పుడు కూడా కొంచెం ఆడాలి. బిగుసుకుపోతే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ దెబ్బతింటుంది, అది ఇంజను విప్పాల్సిన పని. సందేహం ఉంటే కొద్దిగా వదులు వైపే ఉండండి.

బయల్దేరకముందు చేయాల్సినవి: బ్యాటరీ టెర్మినళ్ళకు వాజలైన్, వైర్ల కనెక్టర్లు విప్పి డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు, క్లచ్ కేబుల్లో నూనె, లీవర్ల పిన్నులకూ స్టాండ్ పిన్నుకూ గ్రీజు. పెయింట్ లేని బోల్టులకూ స్పోక్‌లకూ తుప్పు ఆపే ఆయిల్ గుడ్డతో పలచగా పూయండి. డిస్కుల దగ్గర, టైర్ల దగ్గర ఏ స్ప్రే కొట్టకండి. ప్యాడ్లకు నూనె అంటితే అవి మార్చాల్సిందే. పొద్దున డిస్కుల మీద ఎర్రటి పొర కనబడితే కంగారు వద్దు, రెండు మూడు బ్రేకులకు పోతుంది.

ఒక లక్షణం గుర్తుపెట్టుకోండి. బండి న్యూట్రల్‌లో బాగానే స్టార్టవుతుంది, గేరు వేయగానే ఆగిపోతుంది. చాలామంది ప్లగ్గు, పెట్రోలు అంటూ వెతుకుతారు. ఎక్కువసార్లు అది సైడ్ స్టాండ్ స్విచ్. ఉప్పూ ఇసుకా చేరి స్టాండ్ ఎత్తినా స్విచ్ వెనక్కు రాదు, స్టాండ్ దించే ఉందనుకుని బండి ఆపేస్తుంది. మంచినీళ్ళు పోసి నాలుగుసార్లు స్టాండ్ ఆడించి కాంటాక్ట్ క్లీనర్ కొడితే తెరుచుకుంటుంది.


పాటుపోటు

పైవాళ్ళు చెప్పని రెండు మూడు విషయాలు చేరుస్తాను.

చేపల రేవుల దగ్గర రోడ్డు. చేపల లారీలనుంచి కారే నీళ్ళలో నూనె, ఉప్పు, మంచు కరిగిన నీరు అన్నీ ఉంటాయి. మలుపుల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎక్కువ కారుతుంది. ఎండిన రోడ్డు మీద నల్లటి తడి చార కనబడితే దాని మీద వాలవద్దు, బ్రేకు వేయొద్దు. మలుపుల మీద ఇసుక మేట వేసినా అంతే: ముందే వేగం తగ్గించి, బండి నిటారుగా ఉంచి, ఎక్స్‌లేటర్ కదపకుండా దాటండి.

ఏటి మొగల దగ్గర పల్లపు కాజ్‌వేలు పోటుకు మునుగుతాయి. పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాల తేడాతో వస్తుంది. మర్నాడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పున్నమి రోజుల్లో ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. నీరు నిలిచి ఉంటే పాటు కోసం, అంటే నీరు వెనక్కి తీసేదాకా ఆగండి. ఆ నీళ్ళలోంచి బండి పోనిస్తే ఇరుసు, బేరింగులు, బ్రేకులు అన్నీ ఉప్పునీట మునిగినట్టే. బీచ్ తడి ఇసుక మీద నడపడం కూడా అందుకే వద్దు. పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాలు ఉంటాయి, చక్రాల కింద గూళ్ళు పోతాయి.

పంటు లేదా ఫెర్రీ ఎక్కాల్సి వస్తే వెనక మనిషి దిగి నడవాలి. ఇనుప పలక తడిగా, జిడ్డుగా ఉంటుంది. లోపల ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచి, సైడ్ స్టాండ్ మీద నిలిపి, ముందు బ్రేకు లీవర్‌ను పట్టీతో గ్రిప్‌కు కట్టేయండి. కదిలే పడవలో సెంటర్ స్టాండ్ కంటే ఇదే కుదురు. సముద్రం అలజడిగా ఉంటే ఎదురుబొదురు పట్టీలతో ఫోర్కు కాస్త దిగేదాకా లాగి కట్టాలి.

ఎక్కడ ఆగినా బండి ముక్కు ఎత్తు వైపు పెట్టండి. పల్లానికి ముక్కు పెట్టి నిలిపిన బరువు బండిని వెనక్కి లాగలేరు. ఇసుక నేలలో స్టాండ్ కింద చదునైన రేకు ముక్క పెట్టండి. అర కిలో కూడా ఉండదు.

స్పేర్లు: మీది ట్యూబ్ టైరు కనుక ట్యూబ్‌లెస్ పురికొస కిట్టు పనికిరాదు. టైరు లీవర్లు మూడు, ప్యాచ్‌లు, సొల్యూషన్, చేతి పంపు, ఒక ముందు ట్యూబు, ఒక వెనక ట్యూబు. చోటు లేకపోతే ముందు ట్యూబు ఒక్కటే పెట్టుకోండి, అవసరానికి వెనక టైరులోనూ ఎక్కించి పంచర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్ళొచ్చు. క్లచ్, ఎక్స్‌లేటర్ కేబుళ్ళు, ఒక క్లచ్ లీవరు, ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లింకు, నాలుగు జిప్ టైలు. నడుస్తుండగా వెనక టైరు పంచరైతే వెనక బ్రేకు ముట్టొద్దు. ఎక్స్‌లేటర్ మెల్లగా తగ్గించి, తిన్నగా పోనిచ్చి, ముందు బ్రేకు పలచగా వాడి ఆపండి.


డబుల్స్350

అందరికీ థాంక్సండీ. టాప్ బాక్సు ఆలోచన మానేశాం, బ్యాక్‌రెస్ట్ చూస్తున్నాం. సామాను కట్టి ఇద్దరం కూర్చుని కొలిచాం. మూడో మెట్టు మీద దిగుడు 44 మి.మీ. వచ్చింది, వెనక కదలిక 100. నాలుగో మెట్టు చాలా, ఐదుకు పోవాలా? ఐదులో బండి గట్టిగా కుదుపుతుందని, టైరులో గాలి రెండు పి.ఎస్.ఐ. తగ్గిస్తే మెత్తబడుతుందని ఒకరన్నారు. ఇంకోటి, రాత్రిపూట బండికి కవర్ వేయమంటారా?


పానాపెట్టె

నాలుగులో పెట్టి కొలవండి. 35 లోపు వస్తే అక్కడే ఆపండి. రాకపోతే ఐదు. ఐదులో కూడా 40 పైనే ఉంటే స్ప్రింగులు మీ బరువుకు చాలవన్నమాట. అప్పుడు మార్గాలు రెండే: సామాను తగ్గించడం, లేదా ఇద్దరి బరువుకు సరిపడే గట్టి స్ప్రింగులు వేయించడం. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడదు, బండి వెనక భాగం ఎత్తు పెరుగుతుంది అంతే. మీకు కుదుపనిపించేది ఒక్కరే నడిపినప్పుడు. బరువు మీద ఐదో మెట్టే మెత్తగా ఉంటుంది, ఎందుకంటే షాక్ అడుగు తాకకుండా పని చేస్తుంది. ప్రయాణం అయ్యాక మళ్ళీ పాత మెట్టుకు దించడం మర్చిపోకండి.

గాలి తగ్గించమన్న సలహా వినొద్దు. ఇద్దరి బరువుతో ట్యూబ్ టైరులో రెండు పి.ఎస్.ఐ. తక్కువంటే పైన చెప్పిన వాల్వు చిరుగుడును పిలిచినట్టే. మెత్తదనం షాక్ నుంచి రావాలి, టైరు నుంచి కాదు.


ఉప్పుతుప్పు

కవర్ గురించి. కడగని బండి మీద, తడి బండి మీద ప్లాస్టిక్ కవర్ వేస్తే తేమ లోపలే నిలుస్తుంది, ఉప్పు రాత్రంతా తడిగా పని చేస్తుంది. వేయకపోవడమే మేలు. కడిగి, ఆరబెట్టి, గాలి ఆడే గుడ్డ రకం కవర్ అయితే వేయండి. అది లేకపోతే సముద్రం వైపు గోడ అడ్డం వచ్చేలా, పైకప్పు కింద నిలపండి. ఇంటికి చేరాక మాత్రం ఒకసారి సబ్బుతో పూర్తిగా కడిగి, రెండు చక్రాల ఇరుసులు తీసి తుడిచి గ్రీజు పెట్టి, కాలిపర్ల జారుడు పిన్నులు తీసి శుభ్రం చేసి బ్రేకులకు వాడే గ్రీజు రాయండి. ఆ పిన్నులు పట్టేస్తే ఒక వైపు ప్యాడే అరుగుతుంది. నెల తర్వాత అరిగిన ప్యాడ్ చూసి ఎందుకో అర్థం కాక తికమక పడేకంటే ఇంటికొచ్చిన వారంలోనే ఆ పని చేసేయండి.